1989లో పోయిన గాయకుణ్ణి బ్రెజిల్ ఇంకా ఎందుకు పిలుస్తోంది?

బ్రెజిల్‌లో ఏ కచేరీ అయినా సరే, రెండు పాటల మధ్య కాస్త నిశ్శబ్దం దొరికితే చాలు, వెనక వరసల్లోంచి ఎవరో ఒకరు అరుస్తారు: 'టోకా హవూల్!' రౌల్ పాట వాయించండి అని. వేదిక మీద ఉన్నది రాక్ బృందమా, సాంబా గాయకుడా, విదేశం నుంచి వచ్చిన పెద్ద పేరా అన్న పట్టింపు ఉండదు. అరిచినవాళ్లకు కూడా చాలాసార్లు ఆ పాట కావాలని ఉండదు. అదొక ఆచారం, కొంత వేళాకోళం. సంగీతకారులకు అది ఎంత తలనొప్పి అయిందంటే, జెకా బలెయిరో అనే గాయకుడు దాని మీదే ఒక పాట కట్టారు.

పోర్చుగీసు నోట 'హవూల్ సేషస్' అన్నట్టు పలికే ఆ పేరు రౌల్ సాంతోస్ సేషస్‌ది. 1989 ఆగస్టు 21న, 44 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 2025లో ఎనభయ్యో జయంతి వచ్చేసరికి ఆయన జీవితం వెబ్ సిరీస్‌గా కూడా తయారైంది. బ్రెజిల్ బయట మాత్రం ఆ పేరు విన్నవాళ్లు తక్కువ. తెలుగు పాఠకులకు ఆయన దగ్గరకు వెళ్లే దారులు రెండున్నాయి. ఒకటి పాలో కొయిలో, రెండోది భగవద్గీత.

క్లుప్తంగా

తిరుగుబాటుదారు అనీ తాగుబోతు మేధావి అనీ రౌల్‌కు వేసే ముద్రలు ఆయన పాట ఎందుకు నిలిచిందో చెప్పవు. విదేశీ సరుకుగా చూసిన రాక్‌కు ఈశాన్య బ్రెజిల్ జానపద లయను ముడివేయడం ఒక కారణం. తత్వాన్ని కిరాణా కొట్టు భాషలో చెప్పే నేర్పు రెండోది. ఆ నేర్పు ఆయనకు రికార్డింగ్ కంపెనీ ఉద్యోగంలో అబ్బింది. ఏ రాజకీయ పక్షానికీ చెందకపోవడం వల్ల అప్పట్లో ఒంటరైనా, పోయాక అందరివాడయ్యారు.

గిటార్ మీద ఊరేగింపు

1967 జులై 17న సావ్ పావ్లో వీధుల్లో ఒక ఊరేగింపు జరిగింది. ముందు నడిచింది దేశంలో అత్యంత జనాదరణ ఉన్న గాయని ఎలిస్ రెజీనా. నిరసన ఎలక్ట్రిక్ గిటార్ మీద. జాతీయ సంగీతాన్ని విదేశీ దాడి నుంచి కాపాడుకోవాలన్నది నినాదం. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ అప్పటికి మూడేళ్లుగా దేశం సైనిక పాలనలో ఉంది, ఆ పాలనకు అమెరికా అండ ఉంది. కాబట్టి వామపక్ష విద్యార్థులకు గిటార్ తీగ అమెరికా తీగలాగే కనిపించింది. మరో వైపు గాయకుడు రొబెర్తో కార్లోస్ నడిపిన 'జోవెం గ్వార్దా' టీవీ కార్యక్రమం ప్రేమ, కార్లు, అమ్మాయిల చుట్టూ తిరిగే తేలికపాటి రాక్‌ను ఇంటింటికీ చేర్చింది. అంటే రాక్ వింటే దేశద్రోహి, లేదంటే పసివాడు. మధ్యలో చోటు లేదు.

ఆ చోటును మొదట తెరిచింది 'ట్రాపికాలియా' అనే సంగీత, కళా ఉద్యమం. ఆ ఊరేగింపులో నడిచిన గాయకుడు జిల్బెర్తో జిల్ మూడు నెలలు తిరక్కుండానే అక్టోబరు పాటల పోటీలో 'ఓస్ ముటాంటిస్' అనే రాక్ బృందాన్ని వెంటేసుకుని పాడారు. అయితే ట్రాపికాలియాది విశ్వవిద్యాలయాల, చిత్రశాలల చుట్టూ పుట్టిన ప్రయోగం. రాక్ బస్సు డ్రైవరు దాకా, ఇంటి పనిమనిషి దాకా చేరాలంటే ఇంకో రకం మనిషి కావలసి వచ్చింది.

రైలు పట్టాలు, కాన్సులేటు పిల్లలు

రౌల్ 1945 జూన్ 28న బయియా రాష్ట్ర రాజధాని సాల్వడోర్‌లో పుట్టారు. ఆఫ్రికన్ మూలాలున్న సంస్కృతికి ఆ నగరం కేంద్రం. తండ్రి రైల్వే ఇంజినీరు. ఆయన తనిఖీలకు వెళ్తుంటే కొడుకూ వెంట వెళ్లేవాడు. బయియా మెట్ట ప్రాంతపు స్టేషన్లలో లూయిజ్ గొంజాగా పాటలు వినిపించేవి. అకార్డియన్, జబుంబా అనే పెద్ద డోలు, ఇనుప త్రికోణం, ఈ మూడింటితో 'బయావ్' అనే జానపద నృత్య లయను గొంజాగా 1940ల్లో దేశమంతటా పాకించారు.

ఇంటి దగ్గరలోనే అమెరికన్ కాన్సులేటు. అక్కడి పిల్లలతో స్నేహం కుదిరింది. వాళ్ల దగ్గరున్న రికార్డుల్లో ఎల్విస్ ప్రెస్లీ, లిటిల్ రిచర్డ్ ఉన్నారు. పద్నాలుగేళ్లకే స్నేహితుడితో కలిసి ఎల్విస్ పేరు మీద ఒక క్లబ్బు పెట్టారు. చదువు మాత్రం అటకెక్కింది. ఒకే తరగతి మళ్లీ మళ్లీ చదివారు.

ఈ రెండు సంగీతాలూ పొసగవని పెద్దలు అనుకునేవారు. రౌల్ చెవికి అవి ఒకటే. అందుకు లయలోనే ఆధారం ఉంది. బయావ్‌లో డోలు దెబ్బను మన నోటి లెక్కలో చెప్పుకుంటే 'తకిట – తకిట – తక'. ఎనిమిది చిన్న మాత్రలు 3, 3, 2గా విరుగుతాయి. 1950ల రాక్ అండ్ రోల్ బేస్ గిటార్ వరసల్లోనూ ఇదే విరుపు తరచూ వినిపిస్తుంది. రెండింటికీ పెద్దదిక్కు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన లయ. ఒకటి న్యూ ఓర్లియన్స్‌లో దిగింది, ఇంకోటి బయియాలో. 1972లో రియోలో జరిగిన అంతర్జాతీయ పాటల పోటీలో రౌల్ చూపించింది దాదాపు ఇదే. 'లెట్ మి సింగ్' అంటూ ఎల్విస్ బాణీలో మొదలైన పాట నడిమధ్యలో అతుకు కనిపించకుండా బయావ్‌లోకి జారిపోయి, మళ్లీ రాక్‌లోకి వస్తుంది. జడ్జీల కంటే ముందు జనం పట్టుకున్నారు.

ఆకలి, ఆ తర్వాత ఆఫీసు

ఆ పోటీకి ముందున్న అయిదేళ్లను జీవితచరిత్రలు తరచూ తొందరగా దాటేస్తాయి. తర్వాత వచ్చినదంతా అర్థం కావాలంటే చూడవలసింది అక్కడే.

1967లో రౌల్ తన బృందంతో రియో చేరారు. 1968లో 'రౌల్‌జీటో ఎ ఓస్ పాంతేరాస్' పేరుతో ఆల్బమ్ వచ్చింది, ఎవరూ కొనలేదు. రియోలో కడుపు మాడ్చుకుని చివరకు సాల్వడోర్ తిరిగెళ్లారు. 1970 ప్రాంతంలో సీబీఎస్ రికార్డింగ్ కంపెనీ ఆయన్ని నిర్మాతగా తీసుకుంది. పని ఏమిటంటే, జెర్రీ అడ్రియానీ లాంటి రొమాంటిక్ గాయకులకు పాటలు రాయడం, రికార్డింగులు చేయించడం. వాళ్ల పాటలు వినేది నగరాల శివార్లలోని శ్రామిక కుటుంబాలు, రేడియో పక్కన పెట్టుకుని పనిచేసుకునే ఆడవాళ్లు. మేధావులు ముక్కు మూసుకునే సంగీతం అది.

రౌల్ నేర్చుకున్న బడి అదే. మొదటి వాక్యంలోనే వినేవాణ్ణి పట్టుకోవాలి. పల్లవి ఒక్కసారి వింటే నోటికి రావాలి. మాట వాడుక భాషలో ఉండాలి. కష్టమైన సంగతి చెప్పాలన్నా అత్తగారితో పోట్లాట చెప్పినట్టే చెప్పాలి. ట్రాపికాలియా కవులకు ఈ శిక్షణ లేదు. వాళ్లు కవిత్వం నుంచి పాటలోకి వచ్చారు. ఈయన సరుకు తయారీ నుంచి తత్వంలోకి వెళ్లారు. దారి ఎటునుంచి ఎటో అన్న తేడాయే రెండు వర్గాల శ్రోతల మధ్య తేడా కూడా అయింది.

ఉద్యోగంలో ఉండగానే 1971లో ముగ్గురు మిత్రులతో కలిసి పొడవాటి పేరున్న వెటకారపు ఆల్బమ్ ఒకటి చేశారు. పై అధికారి ఊళ్లో లేనప్పుడు దొంగచాటుగా రికార్డు చేశారనీ, అందుకే ఉద్యోగం పోయిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన గురించిన కథల్లో సగం ఇలాంటివే. వాటిని పుట్టించిన వాళ్లలో ఆయనే ముందుండేవారు.

కాకిబంగారం, కోర్సెల్ కారు

1973 జూన్‌లో రియో నడిబొడ్డున, రియో బ్రాంకో అవెన్యూలో రౌల్ గిటార్ పట్టుకుని నిలబడ్డారు. ఆఫీసులకు వెళ్లే జనం మధ్య ఒక పాట పాడారు. పత్రికల వాళ్లకు ముందే కబురు పెట్టారు కాబట్టి ఫొటోలు పడ్డాయి. పాట పేరు 'ఓరు జి టోలు'. తెలుగులో దీనికి అచ్చమైన మాట ఉంది, కాకిబంగారం.

పాటలో జరిగేది ఏమీ లేదు. ఒకాయన తనకున్నవి లెక్కపెట్టుకుంటాడు. ఉద్యోగముంది. నెలకు నాలుగు వేల క్రుజెయిరోల సంపాదన ఉంది. అప్పటి కనీస వేతనానికి అది పది రెట్లు పైనే. 73 మోడల్ కోర్సెల్ కారు కొన్నాడు. ఒకప్పుడు పస్తులున్న నగరంలోనే ఇప్పుడు ఇపనేమా అనే డబ్బున్నవాళ్ల పేటలో ఉంటున్నాడు. ఆదివారం ఇంట్లోవాళ్లతో జూకి వెళ్లి కోతులకు పాప్‌కార్న్ వేయొచ్చు. కాబట్టి సంతోషంగా ఉండాలి. కానీ ఇదంతా ఒట్టి వేళాకోళంలా, కొంచెం ప్రమాదకరంగా కూడా అనిపిస్తోందంటాడు. అపార్ట్‌మెంట్ సింహాసనం మీద కూర్చుని, నోరు తెరుచుకుని, పళ్లన్నీ కనిపించేలా చావు కోసం ఎదురుచూసే మనిషిని తాను కానంటాడు.

ఈ పాట ఎందుకు తగిలిందో తెలియాలంటే ఆ కారు ఏమిటో తెలియాలి. కోర్సెల్‌ను ఫోర్డ్ బ్రెజిల్ విభాగం 1968లో తెచ్చింది. మరీ ఖరీదైనదీ కాదు, మరీ చవకదీ కాదు. కొత్తగా పైకి వచ్చిన గుమాస్తా, బ్యాంకు మేనేజరు, ఇంజినీరు కొనేది. 1968 నుంచి 1973 దాకా బ్రెజిల్ ఆర్థిక వ్యవస్థ సగటున ఏటా 10 శాతానికి పైగా పెరిగింది. సైనిక ప్రభుత్వం దాన్ని 'ఆర్థిక అద్భుతం' అని చాటుకుంది. మధ్యతరగతికి వాయిదాల మీద కారు, టీవీ, ఫ్లాటు వచ్చాయి. అదే కాలంలో ఆదాయాల్లో అంతరం పెరిగింది, కార్మిక సంఘాల గొంతు నొక్కారు, 1968 డిసెంబరు 13 నాటి అయిదో నంబరు శాసనంతో పౌరహక్కులు పోయాయి. ఫ్లాటు ఇచ్చి నోరు తీసుకోవడం, అదీ బేరం.

నిరసన గీతాలు ఆ బేరంలో 'నోరు' గురించి పాడాయి. రౌల్ 'ఫ్లాటు' గురించి పాడారు. తిడుతున్నది ప్రభుత్వాన్నా, పాట వింటున్న మనిషినా, లేక అప్పుడే పైకి వచ్చిన తననేనా అన్నది తేలదు. ఆ తేలకపోవడంలోనే పాట బలం ఉంది. కొన్ని నెలలకే, అక్టోబరులో, చమురు ధరలు భగ్గుమన్నాయి. అద్భుతం చల్లబడింది.

సెన్సారు చేతికి దొరకని ఈగ

ఆ రోజుల్లో ప్రతి పాట సాహిత్యాన్నీ ముందుగా టైపు చేసి సెన్సారు విభాగానికి పంపాలి. ముద్ర పడితేనే రికార్డింగు. సెన్సారు అధికారి చూసేవి ముఖ్యంగా రెండు, ప్రభుత్వం మీద దెబ్బ ఉందా, నీతికి భంగం ఉందా అని. ఆ జల్లెడ కన్నాలకు పెద్దపెద్ద మాటలు చిక్కేవి. గాయకుడు, పాటల రచయిత షికో బ్వార్కె ఎంతగా చిక్కారంటే, ఆయన పేరు కనిపిస్తేనే కాగితం వెనక్కొచ్చేది. దాంతో 1974లో జులీన్యో ద అడలైజ్ అన్న దొంగపేరు పెట్టుకుని పాటలు పంపారు.

రౌల్ జల్లెడ కింద నుంచి దూరారు. 1973 నాటి 'క్రిగ్-హా, బాండోలో!' ఆల్బమ్ పేరే టార్జాన్ బొమ్మల కథల్లోని కేక. శత్రువు వస్తున్నాడు, జాగ్రత్త అని దాని అర్థం. అందులో 'సూప్‌లో ఈగ' అనే పాట ఉంది. నేను నీ సూప్‌లో వాలిన ఈగను, నీ నిద్ర చెడగొడతాను, ఒకదాన్ని చంపితే నా బదులు ఇంకోటి వస్తుంది అంటుంది ఆ ఈగ. వెనక కందోంబ్లే అనే ఆఫ్రో-బ్రెజిలియన్ మతపు పూజల, కపోయెయిరా అనే యుద్ధక్రీడ దరువు, మధ్యలో ఒక్కసారిగా రాక్. కాగితం మీద చదివితే పిల్లల పాట. రేడియోలో వింటే ఎవరి సూపు, ఎవరి ఈగ అన్నది వేరే చెప్పక్కర్లేదు.

అన్నిసార్లూ తప్పించుకోలేదు. 'నల్ల కళ్లద్దాలు' అన్న పాటకు అభ్యంతరం వస్తే పంక్తులు మార్చి, 'మా అమ్మమ్మ చెప్పినట్టు' అన్న పేరుతో 1974లో విడుదల చేయాల్సి వచ్చింది. కంటిచుక్కల మందు లేనివాడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటాడు అన్న పల్లవి మాత్రం బతికింది. అమ్మమ్మ సామెతకు కత్తెర వేయడం సెన్సారుకు కూడా కష్టమే.

కొయిలో, తర్వాత పోలీసులు

పాలో కొయిలో అంటే ఇవాళ 'ది ఆల్కెమిస్ట్' నవల. అది వచ్చింది 1988లో. 1972 నాటికి ఆయన ఒక చిన్న పత్రిక నడిపే హిప్పీ. అందులో ఎగిరే పళ్లేల మీద వచ్చిన వ్యాసం చదివి రౌల్ వెతుక్కుంటూ వెళ్లారు. ఆ స్నేహంలోంచి 1970ల బ్రెజిల్ రాక్‌లో చెప్పుకోదగ్గ పాటలు చాలా పుట్టాయి. పాటలో కథ చెప్పే పద్ధతి రౌల్‌దైతే, మంత్రతంత్రాల పిచ్చి కొయిలోది. ఆంగ్ల తాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ రాసిన 'నీకు తోచిందే చెయ్యి, అదే ధర్మం' అన్న సూత్రాన్ని పట్టుకుని 'ప్రత్యామ్నాయ సమాజం' అని ప్రకటించారు. దానికి పాట ఉంది, కరపత్రం ఉంది, కచేరీలో చదివే మేనిఫెస్టో ఉంది. ఒక ఊరే కడతామన్నారు.

ఇది ఎంత సీరియస్ అన్న ప్రశ్న అభిమానులను ఇప్పటికీ చీలుస్తుంది. చేతల్లో చూస్తే ఆ ఊరు లేవలేదు, సభ్యత్వ పుస్తకమూ లేదు. కానీ పోలీసులు మాత్రం సీరియస్‌గానే తీసుకున్నారు. 'సమాజం' అన్న మాట వాళ్లకు రహస్య సంస్థలా వినిపించింది. 1974లో రాజకీయ పోలీసు విభాగం రౌల్‌ను విచారణకు పిలిచింది. కొయిలోను పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. 2019లో వాషింగ్టన్ పోస్ట్‌లో రాసిన వ్యాసంలో ఆయనే ఆ రోజులను వివరించారు. ఇద్దరూ అమెరికా వెళ్లిపోయారు. అక్కడ జాన్ లెనన్‌ను కలిశానని రౌల్ తర్వాత చెప్పుకునేవారు. దానికి ఆధారం దొరకలేదు.

వాళ్లను ఇంటికి రప్పించింది ఒక పాట. ఈలోగా బ్రెజిల్‌లో విడుదలైన ఆల్బమ్ అమ్మకాలు ఆగడం లేదు. దాని పేరు 'గీత'.

రియోలో విభూతి యోగం

1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూశారు. ఆయన కంఠంలోని గీత తెలుగు ఇళ్లలోకి వచ్చిన కాలానికే, దానితో ఏ సంబంధమూ లేకుండా, బ్రెజిల్ రేడియోల్లో ఇంకో గీత మోగింది. ఆ ఆల్బమ్ 6 లక్షల ప్రతులు అమ్ముడైందని లెక్క. ఆ దేశపు రాక్‌కు అప్పట్లో అది అనూహ్యం.

పేరు మాత్రమే అరువు తెచ్చుకున్నారనుకుంటే పొరపాటు. పాట నడకంతా పదో అధ్యాయానిదే. అక్కడ అర్జునుడు 'ఏయే రూపాల్లో నిన్ను తలచుకోను?' అని అడుగుతాడు. కృష్ణుడు జాబితా చదువుతాడు. పాటలోనూ అంతే. నువ్వెందుకింత మౌనంగా ఉంటావని ఎవరో అడుగుతారు. జవాబుగా 'నేను... నేను...' అంటూ వరస సాగుతుంది.

కొన్ని చోట్ల పోలిక దాదాపు మాటకు మాట. 'అక్షరాణామకారోఽస్మి' అంటుంది శ్లోకం, అక్షరాల్లో నేను అకారాన్ని అని. పాటలో 'ఏ అన్న అక్షరానికి నా పేరుంది' అని వస్తుంది. 'ద్యూతం ఛలయతామస్మి', మోసగాళ్లలో జూదాన్ని నేనే అంటాడు కృష్ణుడు. పాటలో అది జూదరి ఆడే బుకాయింపు. 'కలల్లో నేను ప్రేమను' లాంటి చోట్ల 'వాటిల్లో నేను ఇది' అనే షష్ఠీ విభక్తి పద్ధతి కూడా అలాగే దిగింది. చివరి పంక్తి 'అహమాదిశ్చ మధ్యం చ భూతానామంత ఏవ చ'కు పోర్చుగీసు రూపమే. ఒక్కటే తేడా, పాటలో వరస మారింది. ఆది, అంతం, ఆ తర్వాత మధ్య. ప్రాస కోసమో, ముగింపు తర్వాత కూడా బతుకు నడుస్తూనే ఉంటుందనో, ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటారు. 2012లో వచ్చిన డాక్యుమెంటరీకి పేరుగా ఎంచుకున్నది ఆ పంక్తినే.

పాట మూలానికి దూరం జరిగేది వస్తువుల ఎంపికలో. గీతలో శిఖరాల్లో మేరువు, నక్షత్రాల్లో చంద్రుడు, వృక్షాల్లో అశ్వత్థం. ప్రతి జాతిలోనూ మేటిదే. పాటలో సూపర్‌మార్కెట్లో సరుకులు కొనే ఇల్లాలు ఉంది. ఎదురుదారి పట్టొద్దని చెప్పే రోడ్డు బోర్డు, తలారి చెయ్యి, రక్తపిశాచి చూపు కూడా ఉన్నాయి. ఏడాది కిందటి సూప్‌లో ఈగ మళ్లీ వచ్చి వాలుతుంది. అద్వైతాన్ని మేలిమి సరుకుల జాబితా నుంచి కిందికి లాగి, బజార్లో నిలబెట్టినట్టు. మనుషులు మాయమవుతున్న 1974 బ్రెజిల్‌లో 'తలారి చెయ్యి కూడా నేనే' అన్న మాట వినడానికి సుఖంగా ఉండే మాట కాదు. భక్తి పాటగా విన్నవాళ్లు ఉన్నారు, నాస్తికులకు నచ్చింది, పెళ్లి విందుల్లో గొంతు కలిపి పాడినవాళ్లూ ఉన్నారు. సీబీఎస్ ఆఫీసులో నేర్చిన విద్య పూర్తిగా పండింది ఇక్కడే అనుకోవాలి.

దిగుడుమెట్లు

ఆ ఎత్తు నిలవలేదు. 1975 నాటి 'నోవో ఆయోన్' ఆల్బమ్‌ను విమర్శకులు ఇవాళ నెత్తిన పెట్టుకుంటారు గానీ అప్పట్లో అది గీత దరిదాపులకు రాలేదు. 1976 తర్వాత కొయిలోతో జోడీ సడలింది. 1977లో క్లావ్‌జియో రొబెర్తోతో రాసిన 'మలూకు బెలేజా' మాత్రం మాటగానే భాషలో మిగిలింది. ఎవరికీ హాని చేయని, తన లోకంలో తానుండే పిచ్చోడు అని అర్థం. బ్రెజిల్ వాళ్లు రౌల్‌ను పిలిచే ముద్దుపేరూ అదే.

పతనానికి తాగుడే కారణమని చెప్పడం సులువు, అందులో అబద్ధం లేదు. మద్యంతో పాంక్రియాస్ వాచిపోయి, 1970ల చివర్లో కొంత భాగం తీసేయాల్సి వచ్చింది. ఇన్సులిన్ తయారయ్యేది అక్కడే కాబట్టి మధుమేహం వెంటపడింది. కచేరీలకు రాకపోవడం, వచ్చినా నిలబడలేకపోవడం మొదలయ్యాయి. అయితే పరిశ్రమ వైపు లెక్క కూడా ఉంది. ఫిలిప్స్, డబ్ల్యూఈఏ, సీబీఎస్, ఎల్డొరాడో, సోమ్ లివ్రి, కొపకబానా అంటూ పన్నెండేళ్లలో ఆరు కంపెనీలు మారారు. ప్రతిచోటా కొత్త ఒప్పందం, కొత్త ప్రచార బృందం, ఒకటి రెండు రికార్డులు, ఆ తర్వాత తలుపు మూసుకోవడం. పాత పాటల హక్కులు పాత కంపెనీల దగ్గరే ఉండిపోయేవి.

1982లో సావ్ పావ్లో దగ్గర కయ్యెయిరస్ అనే చిన్న ఊళ్లో కచేరీ. రౌల్ తాగి వేదికెక్కారు. మాటలు తడబడుతున్నాయి, పాటలు మరిచిపోతున్నారు. జనం ముఖాముఖాలు చూసుకున్నారు. ఈయన రౌల్ కాదు, రౌల్ వేషం వేసుకొచ్చిన దొంగ అని తేల్చేశారు. కొట్టడానికి మీద పడబోయారు. పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లారు. జేబులో గుర్తింపు కాగితాలు లేవు. తాను తానేనని నిరూపించుకోలేకపోయారు. ఆయన రాసిన వెటకారపు పాటల్లో ఏదీ ఇంత పదునుగా లేదు.

మరుసటి ఏడాది పిల్లలు ఆయన్ని లేపారు. గ్లోబో టీవీ చేసిన పిల్లల కార్యక్రమంలో 'కరింబదోర్ మలూకు' పాట పడింది. అందులో అంతరిక్షానికి బయల్దేరిన పిల్లల్ని ఒక స్టాంపులాయన అడ్డగిస్తాడు. ముద్ర వేయించుకోవాలి, నమోదు చేయించుకోవాలి, విలువ కట్టించుకోవాలి, అప్పుడే పంపుతాను అంటాడు. దేశమంతా పిల్లలు పాడుకున్నారు. ఆ క్రియల వరస ఫ్రెంచి అరాచకవాది ప్రూధాన్ 1851లో 'పాలింపబడటం అంటే ఏమిటి' అని రాసిన జాబితాకు పోర్చుగీసు పిల్లల రూపం. సైనిక ప్రభుత్వం ఇంకా కుర్చీలో ఉండగానే అరాచకవాదం పిల్లల టీవీలో ప్రసారమైంది. ఆనాడు టీవీ ముందు కూర్చున్న పిల్లలే 1990ల్లో రాక్ కచేరీలకు వెళ్లే కుర్రకారు.

కొత్త రాక్, పాత మనిషి

1985 జనవరిలో తొలి 'రాక్ ఇన్ రియో' సంగీతోత్సవం జరిగింది, మార్చిలో సైనిక పాలన ముగిసింది. లెజియావ్ ఉర్బానా, బరావ్ వెర్మేల్యో లాంటి బృందాలు దూసుకొచ్చాయి. ఆ వేదిక మీద రౌల్ లేరు. కొత్త తరం పాటలో బ్రిటిష్ పంక్ ధోరణి ఉంది, రాజధాని కుర్రాళ్ల కోపం ఉంది, సూటి రాజకీయం ఉంది. బయావ్ లేదు. రౌల్ చేసిన మేళవింపు మళ్లీ గట్టిగా వినిపించింది 1990ల్లోనే, గాయకుడు షికో సైన్స్ మరకటు అనే జానపద ఊరేగింపు డోళ్లను, రైముండోస్ బృందం ఫొర్రో అనే ఈశాన్య నృత్య సంగీతాన్ని గట్టి గిటార్లతో కలిపినప్పుడు.

కొత్త తరంలో ఆయన్ని చేరదీసింది బయియా కుర్రాడే, 'కమీజా జి వేనుస్' బృందానికి చెందిన మార్సెలో నోవా. ఇద్దరూ 1988-89లో దాదాపు 50 కచేరీలు చేశారు. వేదిక మీద సగం భారం నోవాదే, రౌల్ కొన్ని పాటలకే గొంతు కలిపేవారు. రోగిని రోడ్డు మీద తిప్పారని కొందరూ, చివరి రోజుల్లో జనం ముందు నిలబెట్టారని ఇంకొందరూ ఇప్పటికీ వాదించుకుంటారు. రెండింటిలోనూ నిజముంది. ఇద్దరి ఉమ్మడి ఆల్బమ్ 1989 ఆగస్టు 19న విడుదలైంది. రెండు రోజులకు సావ్ పావ్లోలోని ఫ్లాట్‌లో పొద్దున రౌల్ మంచం మీదే నిర్జీవంగా కనిపించారు. ముందు రాత్రి ఇన్సులిన్ తీసుకోలేదు. గుండె ఆగిపోయింది.

అందరికీ సరిపోయే చొక్కా

ఆ తర్వాత కథ సాధారణంగా మెల్లగా మసకబారాలి. బ్రెజిల్ రాక్ గాయని రీటా లీతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఆమె కెరీర్ ఎక్కువ కాలం సాగింది, రికార్డులు ఎక్కువ అమ్మారు, 2023 దాకా బతికారు. అయినా కచేరీల్లో అరిచేది రౌల్ పేరు. ఆమెను జనం ఇష్టపడతారు, ఈయన్ని వేసుకుంటారు. తన గురించి తాను చెప్పుకునే రాక్ తారకు ఒక మొహం ఉంటుంది. రౌల్ పాటల్లోని 'నేను' ఖాళీ చొక్కా లాంటిది. నడుస్తూనే మారిపోయే మనిషి, పదివేల ఏళ్ల కిందట పుట్టినవాడు, ఈగ, పిచ్చోడు, ఇలా ఎవరైనా అందులో దూరొచ్చు. పాత అభిప్రాయాన్ని పట్టుకుని వేలాడనన్న పాటను వామపక్షం పాడుకుంటుంది, మార్కెట్‌ను నమ్మేవాళ్లు పాడుకుంటారు, మోటార్‌సైకిల్ క్లబ్బులూ జ్యోతిష్యులూ పాడుకుంటారు. 2013లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ సావ్ పావ్లోలో తన కచేరీని 'ప్రత్యామ్నాయ సమాజం' పాటతోనే, అదీ పోర్చుగీసులో, మొదలుపెట్టారు. జనానికి అరవాల్సిన అవసరం రాలేదు.

ఈ వెడల్పుకు ఒక ధర ఉంది. పట్టుకుని నిలదీయడానికి రాజకీయ వైఖరి దొరకదు. కొన్ని పాటల్లో ఆడవాళ్ల పట్ల ఉన్న చులకనను అభిమానులు 'వెటకారంలే' అని దాటేస్తారు. తాగుడును తత్వంగా చెప్పుకునే అలవాటు కూడా ఆయన పేరు మీద సాగుతోంది, పాంక్రియాస్ సంగతి తెలిసి కూడా.

ఏటా ఆగస్టు 21న సావ్ పావ్లోలో మునిసిపల్ థియేటర్ నుంచి సే చౌరస్తా దాకా అభిమానులు ఊరేగింపు తీస్తారు. చాలామంది రౌల్ వేషంలో వస్తారు. మేకగడ్డం, నల్ల కళ్లద్దాలు, మెడలో గిటార్. కొందరికి గడ్డం సొంతం, కొందరిది జిగురుతో అంటించింది. పొట్టివాళ్లు, లావుపాటి వాళ్లు, తండ్రి భుజాల మీద కూర్చున్న అయిదేళ్ల రౌల్‌లు. వాళ్లనెవరూ గుర్తింపు కాగితాలు అడగరు.